కాగితం వెనక మూడో చరణం

శ్రీముఖలింగం దగ్గర,
జులై 24

బావా,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను క్షేమమో కాదో ఇక్కడివాళ్ళు తొంభై రోజుల తర్వాత చెబుతారట.

మనం ఉత్తరాలు రాసుకుని ముప్పై ఏళ్ళయింది. విజయనగరం హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పుడు వేసవి సెలవుల్లో రాసుకున్నవే ఆఖరివి. ఇప్పుడు మళ్ళీ కలం పట్టాల్సి వచ్చింది. ఈ మందు మాన్పించే కేంద్రంలో అడుగు పెట్టగానే నా ఫోను తీసుకుని, గుడ్డసంచిలో వేసి, దాని మీద 'పరంజ్యోతి, గాయకుడు, అరసవల్లి' అని రాసి బీరువాలో పెట్టేశారు. ఉత్తరాలు మాత్రం ఎన్నయినా రాసుకోవచ్చు. ఎవరూ విప్పి చదవరు.

మొదటి మూడు రోజులూ చేతులు వణికాయి. ఇప్పుడు నా దస్తూరి నేనే చదవగలుగుతున్నాను. పొద్దున్న ఐదింటికి లేపి వంశధార గట్టు మీద నడిపిస్తారు. తర్వాత ఉప్మా. ఆ తర్వాత నలభై మంది తాగుబోతులం గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవాలి. నా పక్క మంచం అసిరయ్యది, జలుమూరు వైపు ట్రాక్టరు తోలే మనిషి. అతను తన కథ చెబితే అందరూ ఏడ్చారు. నేను చెబితే అందరూ నవ్వారు. నా కథలో పాటలున్నాయి కదా.

డాక్టరు అన్న మాట, బేబీ అన్న మాట నీకు తెలిసినవే. అయినా రాస్తాను, రాస్తే నాకు గుర్తుంటాయి. డాక్టరేమో, "ఇంకొక్కసారి మొదలెట్టారంటే పాట సంగతి తర్వాత, పాడడానికి మీరుండరు" అన్నాడు. బేబీ ఏమో, "తొంభై రోజులూ ఉండొస్తే మనిల్లు. మద్దిలో వచ్చీసినావంటే నాను మా తమ్ముడింటికి ఎలిపోతాను" అంది. రెండింట్లో నాకు రెండోదే ఎక్కువ భయం.

ఇక అసలు సంగతి. ఇక్కడ జ్ఞానసుందరి మేడం అని ఒకావిడ ఉన్నారు. ప్రతి శనివారం ఒకరు తాగుడు మీద ఉన్న పాట ఒకటి ఎంచుకుని, దాని అర్థం అందరికీ విడమరిచి చెప్పాలని ఆవిడ పెట్టిన పద్ధతి. ఆగస్టు రెండున నా వంతు. ఇంకెవరి పాటో నాకెందుకు, నువ్వు రాసిచ్చిన మన పాటే ఎంచుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా పాడుతున్నాను, పెళ్ళిళ్ళలోనూ తీర్థాల్లోనూ అది పాడకుండా మా ఆర్కెస్ట్రాను స్టేజీ దిగనివ్వరు. ఎక్కడైనా మాట తప్పితే దిద్దు.

ఒక్క సుక్కే అన్నానే – సుక్కమ్మా
ఒక్క సుక్కే అన్నానే
సుక్కా సుక్కా కలిసి ఏరైపోతే
ఈత రానోడ్నైపోనానే

పెళ్ళిలో తాగితే పెద్దరికమన్నారు
పండగ్గి తాగితే పద్ధతేనన్నారు
ఏ పండగా లేని మంగళారం నాడు
ఏటన్నారో నాకు ఇనబళ్ళేదే

సొక్కా సిరిగితే సూదెట్టి కుడతాను
గొంతు సిరిగితే దేనెట్టి కుడతాను
తూలుకుంటా ఎల్లి తలుపు కొడితేను
తిట్టకండా తీసిందే ఓ సెయ్యి

పాడమంటే పాడతాను గానీ అర్థం చెప్పమంటే నా వల్ల కాదు. నువ్వు తెలుగు మాస్టారివి, పైగా రాసినవాడివి. బళ్ళో పిల్లలకి చెప్పినట్టు ప్రతిపదార్థం, తాత్పర్యం రాసి పంపు.

ప్రసూనక్కకి నమస్కారాలు చెప్పు.

నీ
పరంజ్యోతి


విజయనగరం,
జులై 28

ఒరే బావా,

నీ ఉత్తరం చదివి ప్రసూన రెండుసార్లు నవ్వింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. ఏ వాక్యం దగ్గర తుడుచుకుందో చెప్పను, నీకు గర్వం వస్తుంది. ఇన్లాండ్ లెటర్ కావాలని కోట దగ్గర పోస్టాఫీసులో అడిగితే, కౌంటరులో ఉన్న అమ్మాయి లోపలికెళ్ళి పెద్దాయన్ని అడిగి వెతికి తెచ్చింది. నావైపు జాలిగా చూసింది కూడా.

నువ్వడిగిన ప్రతిపదార్థం ఇది. ఒక్క = ఒకే ఒక; సుక్కే = చుక్క మాత్రమే; అన్నానే = అని చెప్పాను, ఎవరూ నమ్మలేదు; సుక్కమ్మా = ఓ సీసా తల్లీ; ఏరైపోతే = నదిగా మారగా; ఈత రానోడ్నైపోనానే = గట్టు మీద ఉన్నంతసేపూ నాకన్నీ వచ్చనుకున్నాను.

తాత్పర్యం: ఒకానొక గాయకుడు మొదట మర్యాద కోసం తాగెను. పిమ్మట పండుగ కోసం తాగెను. ఆపై మర్యాదా పండుగా రెండూ లేని రోజున కూడా తాగగా, జనులు ఏమనుకొనుచున్నారో అతనికి వినబడుట మానెను. వినబడకపోవుటయే పతనమునకు మొదటి గుర్తు అని కవి భావము. రెండో చరణం తేలికే, దానికి తాత్పర్యం అక్కర్లేదు.

ఉదాహరణలు అడిగితే ఎవరివైనా చెప్పు. పార్వతీపురం పెళ్ళిలో నువ్వు పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చుని నిద్రపోతే, నిన్నూ కుర్చీనీ కలిపి పక్కకి మోసిన సంగతి మాత్రం చెప్పకు. బేబీ చెల్లెమ్మకి అది ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నీకు జ్వరమని నేనే ఫోను చేసి చెప్పాను.

ఒళ్ళు జాగ్రత్త. ఉప్మా వంకపెట్టకుండా తిను.

నీ
కూర్మనాథం


శ్రీముఖలింగం దగ్గర,
ఆగస్టు 4

బావా,

కొంప ముంచావు. తప్పు నాదేలే, కాగితం చేతికిస్తే మొదటినుంచి చివరిదాకా పాడెయ్యడమే నాకు తెలిసిన విద్య. శనివారం నీ ఉత్తరం పట్టుకుని నిలబడ్డాను. ప్రతిపదార్థం చదివాను, తాత్పర్యం చదివాను, అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆ ఊపులో పార్వతీపురం కుర్చీ కూడా చదివేశాను. 'చెల్లెమ్మకి అది ఇప్పటికీ తెలియదు' అన్న దగ్గర ఆగుదామనుకున్నాను గానీ ఆగే లోపలే నోట్లోంచి వచ్చేసింది. అసిరయ్య నేల మీద పడి నవ్వాడు. ఇప్పుడు నన్నిక్కడ అందరూ కుర్చీ మావ అంటున్నారు.

మేడం కూడా నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. "పరంజ్యోతిగారూ, తాత్పర్యం మీ మాస్టారు సెప్పీసినారు, బాగుంది. మరి రెండో చరణంలో తలుపు తీసిన సెయ్యి ఎవరిది?" అన్నారు.

నిజం చెబుతున్నాను బావా, ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆ లైను రాగానే ధనరాజు కీబోర్డు మీద డడడాం అని వాయిస్తాడు, జనం ఈల వేస్తారు, మళ్ళీ పల్లవి. నేను తడుముకుంటుంటే హాల్లో గొడవ మొదలైంది. "కొట్టోడిదేనండి, ఇంకెవుడు తీస్తాడు" అన్నాడు ఒకతను. "మా అమ్మ తీసీది, తిట్టకండా తీసీది" అన్నాడు అసిరయ్య. మండలాఫీసులో గుమాస్తా చినబాబు, "కట్టుకున్నదే తీస్తాది. అయితే తిట్టకండా తీస్తాదేటి?" అన్నాడు. దాంతో పెళ్ళయినవాళ్ళందరూ ఒక పక్క అయిపోయారు.

"ఈ పాట ఇక్కడితో అయిపోయినట్టు లేదు, ఇంకో చరణం ఉన్నాదేటి?" అని కూడా అడిగారు మేడం. లేదండి, రెండే అన్నాను. సరే, ఆ చెయ్యి ఎవరిదో కనుక్కుని వచ్చే నెల చెప్పండన్నారు. కనుక రాసినవాడివి నువ్వే చెప్పు.

నీ
కుర్చీ మావ


విజయనగరం,
ఆగస్టు 13

కుర్చీ మావ గారికి,

నీ ఉత్తరం స్టాఫ్ రూంలో చదివి పొలమారింది. హెడ్మాస్టరుగారు మంచినీళ్ళు ఇచ్చారు.

చెయ్యి ఎవరిదని అడిగావు. ఎవరిదీ కాదురా. పాటలో తలుపు ఉంది కనుక తీయడానికి ఒక చెయ్యి కావాల్సి వచ్చింది. రాసేవాళ్ళు అప్పుడప్పుడూ అలా పెట్టేస్తుంటారు. మీ మేడం చాలా తెలివైనవారని నా నమస్కారాలు చెప్పు, పాటని అంత లోతుగా తవ్వితే రాయి తగులుతుందని కూడా చెప్పు.

ఇక్కడ వానలు. మా స్కూలు కాంపౌండు గోడ ఒక పక్క ఒరిగింది. బొబ్బిలిలో మా మేనత్తకి ఎనభై ఆరు నిండాయి, మొన్న వెళ్తే నాకంటే రెండు గారెలు ఎక్కువ తింది. ప్రసూన నీకోసం చింతకాయ పచ్చడి పెట్టింది. వేరే పార్సెల్లో పంపుతున్నాను, లోపలికి రానిస్తారో లేదో చూడు.

నీ
కూర్మనాథం

ఈ కాగితం మీద చోటుంది కనుక నేనూ రాస్తున్నాను తమ్ముడూ. మీ బావ ఈ ఉత్తరం మూడుసార్లు చింపి నాలుగోసారి రాశారు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు. – ప్రసూనాంబ


శ్రీముఖలింగం దగ్గర,
ఆగస్టు 25

బావా,

పచ్చడి రానిచ్చారు. అసిరయ్యకి కొంచెం పెట్టాను, సీసా ఇప్పుడు నా తలగడ కింద ఉంటోంది.

నిన్న ఆదివారం బేబీ వచ్చింది. ఆస్పత్రిలో డ్యూటీ దిగి అట్నించి అటే బస్సెక్కింది, నర్సు డ్రెస్సులోనే ఉంది. నన్ను చూసి బుగ్గలొచ్చాయంది. చాలా రోజుల తర్వాత ఇద్దరం గట్టు మీద కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నాం. మాటల్లో చెయ్యి సంగతి చెప్పి, నీదేనా అనడిగాను. అది కాయ ఒలవడం ఆపింది. "నాది కాదు. నువ్వు తాగీసి మనింటికి ఎప్పుడొచ్చినావు? ఎప్పుడూ అన్నయ్య ఇంటికే కదేటి ఎళ్ళీవోడివి" అంది. తర్వాత మళ్ళీ ఒలుచుకుంది.

సరే, ఇది విను. మీ ఊరి అమ్మవారి సిరిమాను జాతర అక్టోబరు ఏడున. ముందురోజు తొలేళ్ళ సంబరానికి మీ ఊళ్ళో మా ఆర్కెస్ట్రాకి స్టేజీ ఇచ్చారట. ధనరాజు కూడా నిన్న వచ్చి చెప్పాడు. నా తొంభై రోజులు పూర్తయ్యేది పదిహేనున. తొమ్మిది రోజుల తేడా బావా, తొమ్మిది రోజులు. "నువ్వు రాకపోతే ఆ పాట యుగంధర్ సేత పాడించీస్తాను" అన్నాడు ధనరాజు. యుగంధర్ ఎవడనుకుంటున్నావు, నిన్నగాక మొన్న మైకు పట్టుకున్నవాడు. నా పాట వాడు పాడితే అమ్మవారు కూడా ఒప్పుకోదు.

ఇంట్లో ఎవరైనా పోతే రెండు రోజులు పంపిస్తారు. ఇంటివాళ్ళ సంతకం ఉన్న కాగితం కావాలి. నువ్వు ఇలాంటివి ఎన్నో చక్కబెట్టినవాడివి. ఏదో ఒకటి చెప్పి అయిదో తారీఖు ఆదివారం వచ్చి నన్ను తీసుకెళ్ళు. పాడేసి వెనక్కి వచ్చేస్తాను. ఒక్క ప్రోగ్రామే.

నీ
పరంజ్యోతి


విజయనగరం,
సెప్టెంబరు 2

ఒరే బావా,

అలాగే. నువ్వు అడిగాక కాదన్న రోజు ఉందా.

మీ వైపు పోయేవాళ్ళెవరూ మిగల్లేదు కనుక మా మేనత్తను నీకు అప్పిస్తాను. ఆవిడకి ఇది అలవాటే. మొదటిసారి నువ్వు టెక్కలి ప్రోగ్రాం తర్వాత మా ఇంట్లో రెండు రోజులు లేవలేకపోయినప్పుడు పోయింది. రెండోసారి మీ చర్చిలో క్రిస్మస్ పాటలకి నువ్వు వెళ్ళలేనప్పుడు పోయింది. మూడోసారి ఎందుకు పోయిందో నాకే గుర్తులేదు. ప్రతిసారీ, 'మా మేనత్త పోయిందమ్మా, బావ నాకు తోడుగా ఉండిపోయాడు' అని చెల్లెమ్మకి ఫోను చేసింది నేనే. ఇప్పుడు నాలుగోసారి నీ మేనత్తగా పోతుంది. పేరు మారుస్తాను.

చెల్లెమ్మ సంతకం కోసం ఈ ఆదివారం అరసవల్లి వెళ్తాను. ఆమెకి ఏం చెప్పాలో బస్సులో ఆలోచిస్తాను. అయిదున పొద్దున్నే బండి వేసుకుని నీ దగ్గరికి వస్తాను. యుగంధర్ని చూసి కంగారుపడకు.

నీ
కూర్మనాథం


విజయనగరం,
సెప్టెంబరు 9

బావా,

నేను రాను.

మొదట ఆ మాట రాసేశాను, ఎందుకంటే చివర రాద్దామనుకుంటే అక్కడిదాకా వెళ్ళేలోపు మనసు మారిపోతుంది. ఇక జరిగింది చెబుతాను.

ఆదివారం మీ ఇంటికి వెళ్ళాను. చెల్లెమ్మ కాఫీ ఇచ్చింది. నేను గొంతు సవరించుకుని మేనత్త కబురు ఎత్తాను. ఆమె నవ్వుతూ, "కాఫీ సల్లారిపోతాది, ముందది తాగండన్నయ్యా" అంది. తాగాను. "మీ మేనత్త ఇప్పటికి మూడుసార్లు పోయింది. మొదటిసారి నాను నిజంగానే ఏడిసినాను. సర్సీలో ప్రార్థన కూడా సేయించినాను. రెండోసారి నాకు తెలిసిపోనాది. మూడోసారి, పాపం అన్నయ్యకి కొత్తది దొరకలేదు అనుకున్నాను" అంది. కోపంగా అనలేదురా. నాకు ఇంకో బిస్కెట్టు పెడుతూ అంది. సంతకం కాగితం నా జేబులోనే ఉండిపోయింది. బస్టాండుదాకా నడుచుకుంటూ వచ్చి, రెండు బస్సులు వదిలేశాను.

ఆ చెయ్యి నాది.

నువ్వు పలాస ప్రోగ్రాం ముగించుకుని తెల్లారి మొదటి బస్సులో దిగి మా తలుపు కొట్టిన రోజు నీకు గుర్తుండదు. చొక్కా చిరిగి ఉంది. ప్రసూన లేవకముందే తలుపు తీసి, ముందుగదిలో పడుకోబెట్టి, చెల్లెమ్మకి ఫోను చేసి బస్సు చెడిపోయిందని చెప్పాను. ఫోను పెట్టేశాక నాకు సంతోషం వేసింది. ఊరూరా ఈలలు వేయించుకునేవాడికి దాక్కోవడానికి నా ఇల్లే కావాలి, నా మాటే కావాలి. నేను పాఠం చెబితే వెనక బెంచీవాళ్ళు కూడా వినరు, నా అబద్ధం మీద మాత్రం ఒక సంసారం నిలబడి ఉంది అనుకున్నాను. ఆ సంతోషానికి నాకే సిగ్గేసింది. ఆ రోజే తొమ్మిదో తరగతి పిల్లలు పరీక్ష రాస్తుంటే, మిగిలిన పరీక్ష కాగితం మీద ఈ పాట రాశాను.

పాటకి రెండు చరణాలు కాదు, మూడు. మూడోది కాగితం వెనక రాశాను. నువ్వు ఆ వారమే పెళ్ళిలో పాడావు, రెండు చరణాలకే ఆపేశావు. కాగితం తిప్పలేదని అర్థమైంది. చెబుదామని స్టేజీ వెనక్కి వచ్చాను. జనం ఇంకోసారి, ఇంకోసారి అని అరుస్తున్నారు. నువ్వు నన్ను పట్టుకుని, ఇది రాసింది మా బావే అని మైకులో చెప్పావు. జనానికి దండం పెట్టి, చెప్పకుండానే వచ్చేశాను. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఇప్పుడు గుర్తు చేసుకుని రాస్తున్నాను.

తీసిన సేతికి తెలుసునే సుక్కమ్మా
తీసినకొద్దీ ఆడు మునుగుతాడని
తాగినోడొక్కడే మునిగేడనుకోకే

ఆఖరి లైను ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. కాగితం నీ దగ్గరే ఉండిపోయింది, ఎప్పుడో పోయే ఉంటుంది.

'ఒక్క ప్రోగ్రామే' అని రాశావు. ఆ మాట నాకు బాగా తెలుసు బావా, పల్లవి రాసింది నేనే. ప్రోగ్రాం అయ్యాక ధనరాజు బృందం అంతా ఎక్కడికి వెళ్తుందో నీకూ తెలుసు. తొలేళ్ళకి యుగంధర్ పాడితే పాట పోదు. నువ్వు పోతే పాడడానికి నాకు ఇంకెవరూ లేరు.

నీ
కూర్మనాథం


శ్రీముఖలింగం దగ్గర,
సెప్టెంబరు 16

కూర్మనాథం మాస్టారికి,

మీ పాఠం అందింది. నా మీద పాట రాసి, నా చేతే ఇరవై రెండేళ్ళు పాడించి, ఇప్పుడు తాత్పర్యం చెబుతున్నారు. బాగుంది.

మీరు రాకపోతే నాకు దారి తెలియదా. అయిదో తారీఖు ఆదివారం చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం గేటు తీసే ఉంటుంది. నరసన్నపేటకి ఆటో ఉంది, అక్కణ్ణించి బస్సు ఉంది. చీకటి పడేలోపు మీ ఇంటికే వచ్చి తలుపు కొడతాను. అప్పుడు చూద్దాం ఆ చెయ్యి ఎవరిదో.

పరంజ్యోతి


విజయనగరం,
సెప్టెంబరు 22

బావా,

'మాస్టారికి' అని రాశావు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ప్రసూన చదివి, "గట్టిగానే తగిలినాది మీకు" అని నాకు పెరుగన్నం కలిపి పెట్టింది.

నువ్వు వచ్చి కొడితే తలుపు తీయను. లోపలే ఉంటాను. ఊరెళ్ళిపోయి తప్పించుకోను. తలుపుకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంటాను, నువ్వు తిట్టేవన్నీ వింటాను. గడియ మాత్రం ముట్టుకోను. నిన్ను చూడాలని లేకపోవడం వల్ల కాదు. నిన్ను చూడాలని ఎంత ఉందో రాస్తే ఇన్లాండ్ లెటరు చాలదు.

పదిహేనో తారీఖు తర్వాత ఎప్పుడైనా రా, తలుపే పీకి పక్కన పెడతాను.

నీ
కూర్మనాథం

తమ్ముడూ, నేనూ తీయను. ఇది మీ అక్క మాట. పచ్చడి ఇంకో సీసా పంపుతున్నాను. – ప్రసూనాంబ


శ్రీముఖలింగం దగ్గర,
అక్టోబరు 8

బావా,

ఉత్తరం పైన ఈ ఊరి పేరు చూసి ఊపిరి పీల్చుకో. ఇక్కడే ఉన్నాను. ఇవాళ ఎనభై మూడో రోజు.

అయిదో తారీఖు వెళ్ళాను. అబద్ధం చెప్పను. సంచి భుజానికి తగిలించుకుని గేటు దాటి నరసన్నపేట ఆటోలో ఎక్కి కూర్చున్నాను. ఆరుగురు ఎక్కితే గానీ కదలనన్నాడు డ్రైవరు. కూర్చుని లెక్క వేసుకున్నాను. మీ ఊళ్ళో దిగుతాను, మీ తలుపు కొడతాను. నువ్వు తీయనన్నావు. నువ్వు బేబీకి చెప్పిన మాటలన్నీ అబద్ధాలే గానీ నాతో, ఆ చెయ్యి విషయంలో తప్ప, ఎప్పుడూ అబద్ధమాడలేదు. తీయవు. ఇంటికి వెళ్తే బేబీ ఉండదు. ఇక మిగిలింది ధనరాజు గది, ఆ గదిలో ఏముంటుందో నాకు తెలుసు. ఆరో మనిషి వచ్చి ఎక్కేసరికి నేను దిగిపోయాను. "ఏటి బాబూ, ఎల్లవేటి?" అన్నాడు డ్రైవరు. ఎక్కడికని వెళ్ళనురా.

గేటు దగ్గర మేడం నిలబడి ఉన్నారు. నా సంచి చూశారు. "ఏటి పరంజ్యోతిగారూ, ఏదైనా మర్సిపోనారా?" అన్నారు. "అవునండి, ఒక చరణం మర్సిపోనాను" అన్నాను.

ఇప్పుడు నా సంగతి విను. కాగితం తిప్పలేదనుకున్నావు కదా. తిప్పాను బావా. నువ్విచ్చిన రోజే బస్సులో తిప్పి చదివాను. ధనరాజు, వెనక ఏటున్నాదిరా అంటే, ఏమీ లేదు, సామాన్ల లిస్టు అని చెప్పి జేబులో పెట్టుకున్నాను. ఇక్కడ మేడం అడిగినప్పుడు కూడా రెండే చరణాలన్నాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు మొదటినుంచీ తెలుసు. మూడోది పాడితే, ఆ మర్నాడు నుంచి నువ్వు తలుపు తీయవని భయం వేసింది. అంతే. నువ్వు చెప్పలేకపోయావనుకుంటున్నావు, నేను చెప్పనివ్వలేదు. నిన్ను పట్టుకుని మైకులో నీ పేరు చెప్పింది కూడా అందుకేనేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తోంది. పోయిన ఉత్తరంలో నిన్ను మాస్టారన్నందుకు చెంపలేసుకుంటున్నాను.

నిన్న మంగళవారం, మీ ఊళ్ళో సిరిమాను తిరిగే వేళకి, ఇక్కడ హాల్లో పాడాను. కీబోర్డు లేదు. చినబాబు బకెట్టు బోర్లించి కొట్టాడు, అసిరయ్య స్టీలు కంచం మీద చెంచాతో తాళం వేశాడు. మూడు చరణాలూ పాడాను. నీకు గుర్తు రాని లైను నాకు ఒక్క రోజు కూడా మరపు రాలేదు. రాసుకో.

తీసిన సేతికి తెలుసునే సుక్కమ్మా
తీసినకొద్దీ ఆడు మునుగుతాడని
తాగినోడొక్కడే మునిగేడనుకోకే
తలుపు తీసినోడూ తాగినోడేనే

పాట అయ్యాక ఎవరూ ఈల వేయలేదు. చప్పట్లూ లేవు. ఇన్నేళ్ళలో నాకు ఇలాంటి జనం దొరకలేదు. అసిరయ్య కంచం కింద పెట్టి, "మా అమ్మకి ఓ ముక్క రాసి పెడతావేటి మావా?" అన్నాడు. చినబాబు వాళ్ళ ఆఫీసులో తన బదులు సంతకం పెట్టే స్నేహితుడికి రాస్తానన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచారు. ప్రతివాడికీ ఒక తలుపు ఉంది బావా, దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. ఇవాళ ఊళ్ళో పోస్టాఫీసులో ఇన్లాండ్ లెటర్లు అయిపోయాయట. మేడం మనిషిని పంపి టెక్కలి నుంచి తెప్పిస్తున్నారు.

తొలేళ్ళకి యుగంధర్ బాగానే పాడాడని విన్నాను. పాడనీ. వాడికి రెండు చరణాలే వచ్చు.

పదిహేనున బయటికి వస్తాను. బేబీ వచ్చి తీసుకెళ్తానంది. మీ ఇంటికి రాను, నేరుగా మా ఇంటికే వెళ్తాను. ఆ సాయంత్రం నువ్వూ అక్కా అరసవల్లి రండి. వీలైతే మీ మేనత్తని కూడా తీసుకురా, మూడుసార్లు పోయిన మనిషిని బేబీ ఒక్కసారి కళ్ళారా చూడాలంటోంది. ఫోను చేయకు, బయట నిలబడి పిలవకు. వచ్చి తలుపు కొట్టు. నేను తీస్తాను.

నీ
పరంజ్యోతి